తనదాకా వస్తే గుండె ఏమంటుంది?

ధైర్యం ఉన్నవాణ్ని గుండె దిటవుగలవాడంటాం. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయి చేప తేలిందని ఫోనొస్తే, ఆకివీడు రైతుకి జారేది గుండే. ఆలోచన మెదడు పని అని బళ్లో ఎంత చదువుకున్నా మాటల్లో పెత్తనం గుండెకే ఇచ్చుకున్నాం. ఆ పెత్తనం శాస్త్రం ముందు సగమే నిలుస్తుంది. గుండె ఆలోచించదు. కానీ ఒంటి బరువులో 2 శాతమే ఉన్న మెదడు, ఊరికే కూర్చున్నప్పుడు కూడా ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో దాదాపు ఐదోవంతు తనే తీసుకుంటుంది. రక్తం అందడం కొద్ది సెకన్లు ఆగినా స్పృహ తప్పుతుంది. ఇక్కడిదాకా ఇది మోటారుకీ పొలానికీ ఉండే సంబంధమే. వివేకం దగ్గరికొచ్చేసరికి సంగతి చిత్రంగా మారుతుంది.

ఆరోగ్యమైన గుండె గడియారంలా కొట్టుకుంటుందనుకుంటాం. నిజానికి ఊపిరి పీల్చినప్పుడు దాని వేగం కాస్త పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. రెండు దెబ్బల మధ్య ఎడం ఎప్పుడూ ఒకేలా ఉండదు. కొల్లేరుని చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదని ఒళ్లు పెంచి ఇముడ్చుకుంటుంది, తర్వాత ఉప్పుటేరు గుండా సముద్రానికి వదిలి చిక్కిపోతుంది. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) దగ్గర 308 చదరపు కిలోమీటర్లుండేది, పదో కాంటూరు దాకా నిండితే 901 అవుతుంది. పెరగడానికి చోటు లేకుండా గట్లు వేస్తే ఆ నీరు ఊళ్ల మీద పడుతుంది. గుండెకి ఆ సాగుదల ఇచ్చేది ముఖ్యంగా వేగస్ నాడి. అది బ్రేకులాంటిది, అవసరాన్నిబట్టి పడుతుంది, వదులుతుంది. తొందరపాటుని ఆపే మెదడు ముందుభాగానికీ ఈ బ్రేకుకీ నాడుల ద్వారా లంకె ఉందని థేయర్, లేన్ అనే శాస్త్రవేత్తలు 2000లో ప్రతిపాదించారు. అంటే గుండె లయలోని హెచ్చుతగ్గులు మనసు నిగ్రహానికి కిటికీలాంటివన్నమాట.

మరి గుండె బాగున్నవాళ్లంతా వివేకులేనా? మనస్తత్వ శాస్త్రవేత్త ఇగోర్ గ్రాస్‌మన్, అతని సహచరులు 2016లో ప్రచురించిన పరిశోధన ఇక్కడే ఆసక్తి రేపుతుంది. సమాజంలోని చిక్కు సమస్యల గురించి కొందరిని ‘నేను’ అనుకుంటూ, మరికొందరిని తమని తాము మూడో మనిషిలా చూసుకుంటూ ఆలోచించమన్నారు. తన ఎరుకకి హద్దుందని ఒప్పుకోవడం, ఎదుటివాడి వైపు నుంచి చూడటం లాంటివి కొలబద్దలు. లయలో హెచ్చుతగ్గులు ఎక్కువున్నవాళ్లు మెరుగ్గా ఆలోచించారు, కానీ పక్కకి జరిగి చూసినప్పుడే. ‘నేను’లో మునిగినవాళ్లకి ఆ గుండె అక్కరకు రాలేదు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్లో పక్క కొట్టువాడికి నిదానం బోధించి, తన బేరంలో తానే తొందరపడే వ్యాపారిని చూసి మనవాళ్లు శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు. అదే ఇది. కొల్లేరు తగాదానే తీసుకోండి. 1999లో ఐదో కాంటూరు దాకా అభయారణ్యమన్నారు, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మూడో కాంటూరుకి కుదించాలన్న డిమాండు ఇప్పటికీ ఉంది. జిరాయితీ భూమి పోయిన రైతు వైపునుంచీ, వరదలో మునిగే లంక గ్రామం వైపునుంచీ ఒకేసారి చూడటమే ఇందులో కష్టం. దానికి గట్టి గుండె ఒక్కటే చాలదు.

రెండు కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమవుతుందా అని అడగొచ్చు. కాదు, ఆ పరిశోధన చూపింది పొత్తునే. పైగా ఒక్క ప్రయోగం మీద సిద్ధాంతం కట్టేయకూడదు. ప్రాణాయామం చేస్తే తీర్పులు బాగుపడతాయని దీన్ని పట్టుకుని అమ్మేవాళ్లని నమ్మక్కర్లేదు. ఇంకో అభ్యంతరం బలమైనది. వయసుతోపాటు లయలో హెచ్చుతగ్గులు తగ్గుతాయి, అలాంటప్పుడు రచ్చబండ మీది పెద్దమనుషుల మాట కొట్టేయాలా? అక్కర్లేదు. గ్రాస్‌మన్, క్రాస్ అనే మరో పరిశోధకుడితో కలిసి 2014లో కుర్రవాళ్లనీ అరవై దాటినవాళ్లనీ పోల్చి చూస్తే, సొంత గొడవ కన్నా పరాయి గొడవలో బాగా ఆలోచించే గుణం ఇద్దరిలోనూ ఉంది, పక్కకి జరిగి చూస్తే ఆ తేడా ఇద్దరికీ పోయింది. గుండె ఇచ్చేది వీలు మాత్రమే, దాన్ని వాడుకునే అలవాటు వేరు.

అయితే ఆ వీలునే తినేసే జబ్బు ఒకటుంది, అది రక్తపోటు. అది మెదడులోని సన్నని నాళాల్ని చడీచప్పుడు లేకుండా పాడు చేస్తుంది. పై అంకెని 120 లోపు ఉంచితే, 140 లోపు ఉంచినవాళ్లకన్నా తేలికపాటి మతిమరుపు తక్కువగా వచ్చిందని అమెరికాలో 9 వేలమందికి పైగా పాల్గొన్న పరీక్షలో 2019లో తేలింది. పూర్తి మతిభ్రంశం విషయంలో మాత్రం అంత గట్టిగా తేలలేదు. మన ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో ఏడాదిపాటు మరణాలు లెక్కపెడితే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవే. అందులో గుండెపోటు తరహావీ పక్షవాతానివీ దాదాపు సమానం. అది చనిపోయినవాళ్ల లెక్క. మెదడులో చిన్న చిన్న దెబ్బలు తగిలి, మనిషి బతికుండగానే నిదానం పోగొట్టుకుని, ఇంట్లోవాళ్ల చేత ‘వయసైపోయిందిలే’ అనిపించుకున్నవాళ్లు అందులో లేరు.