కొండాపూర్ కొప్పులు

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో దిగి కొత్తపేట వైపు నడిస్తే దారి పొడవునా చీరల షాపులు, నగల షాపులు. అద్దాల వెనక ఆడబొమ్మలు వరసగా నిలబడి ఉంటాయి. చాలావాటికి భుజాల కింద ఏమీ ఉండదు. కొన్నిటికి తలే ఉండదు, హారం నిలవడానికి మెడ ఉంటే చాలు. ముఖం ఉన్నవాటిదీ అంతా ఒకటే పోత. కొనేవాళ్ల చూపు బొమ్మ మీద కాదు, నగ మీద పడాలి కదా!

ఇదే 65వ నంబరు జాతీయ రహదారి. ఇటు ఎల్బీనగర్, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం వెళ్తుంది. అటు నగరం దాటి సంగారెడ్డి, జహీరాబాద్ మీదుగా పుణె చేరుతుంది. ఆ సంగారెడ్డికి దగ్గర్లోనే, రెండు వేల ఏళ్ల కిందట ఆడవాళ్ల ముఖాలను మట్టిలో అచ్చు తీసిన ఊరు ఉంది. పేరు కొండాపూర్. హైటెక్ సిటీ పక్కనున్న కొండాపూర్ కాదు, ఫోన్‌లో దారి వెతికేవాళ్లు జాగ్రత్త!

పాటిగడ్డలో పట్టణం

అక్కడి దిబ్బల సంగతి 1900 ప్రాంతంలో పురావస్తు పరిశోధకుడు హెన్రీ కజిన్స్ లోకానికి చెప్పారు. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ డైరెక్టర్ గులాం యాజ్దానీ 1940ల మొదట్లో తవ్వించారు. ఇటుక కట్టడాలు, బౌద్ధ స్తూపాల ఆనవాళ్లు, కొలుములు, రాశులకొద్దీ శాతవాహన నాణేలు, రంగురంగుల పూసలు బయటపడ్డాయి. రోమన్ చక్రవర్తి ఆగస్టస్ బంగారు నాణెమూ దొరికింది. నాణేల అచ్చులు కూడా కనిపించడంతో ఇక్కడ టంకశాల ఉండేదని పండితులు తేల్చారు.

వాటితోపాటే మట్టిబొమ్మలు. కుండలు చేసే ఎర్రమట్టి కాదు, కేయోలిన్ అనే తెల్ల బంకమట్టితో చేసినవే వీటిలో ప్రత్యేకం. మెత్తగా, నున్నగా ఉండే ఈ మట్టి వెంట్రుకపాటి గీతనూ పట్టుకుంటుంది.

తయారీ ఇలా. ముఖానికి ఒక అచ్చు, వీపుకు ఒక అచ్చు. రెండిట్లో మట్టిని పల్చగా అదిమి, గరిజెల చెక్క మూసినట్టు అంచుకు అంచు కలిపి నొక్కుతారు. లోపల బోలు. గోడ పల్చన కాబట్టి బట్టీలో అంతటా సమంగా కాలుతుంది, పగుళ్లు తక్కువ. ఆ తర్వాత సన్నటి పుల్లతో మెరుగులు.

ఆ మెరుగులన్నీ తల మీదే! పాపిట మీద నగ, నుదుటి మీదికి వంచిన జుట్టు, పక్కకు జారిన ముడి, నడినెత్తిన బిగించిన కొప్పు, చెవితమ్మెల్ని సాగదీసే బరువైన కమ్మలు. ముఖాల్లో కన్నా తలకట్టులోనే వైవిధ్యం ఎక్కువ. బొమ్మ చేసినవాడికి ఆ రోజుల సోకు మీద ఎంత గమనింపు ఉందో దగ్గర నుంచి చూస్తే తెలిసిపోతుంది.

పేరున్న ముఖం, పేరులేని ముఖం

ముందు పేరున్న ముఖం సంగతి. యూరప్‌లో 16వ శతాబ్దంలో, జర్మనీలోని వోర్మ్స్ నుంచి వచ్చిన కోన్రాట్ మైట్ అనే శిల్పి ఆస్ట్రియా రాజవంశపు మార్గరెట్ కొలువులో పనిచేశాడు. గట్టి చెక్కలో ఆమె ముఖాన్ని అరచేతిలో ఇమిడేంత చిన్నగా చెక్కాడు. అది ఇప్పుడు మ్యూనిక్‌లో ఉంది. చెక్కించుకున్న దొరసాని ఎవరో తెలుసు, చెక్కినవాడెవరో తెలుసు.

కొండాపూర్‌లో రెండూ తెలియవు. అచ్చులో తీసిన ముఖం ఒకరిది కాదు, ఎన్ని కావాలంటే అన్ని తీయొచ్చు. రాణులూ దాతలూ శాసనాలకెక్కారు. సంతలో కొనుక్కునే బొమ్మకు మాత్రం మామూలు ఆడవాళ్ల తలకట్టే నమూనా అయి ఉండాలి. శాతవాహనుల కాలపు సింగారానికి ఇవీ ఒక సాక్ష్యం.

ఇలాంటి తెల్లమట్టి బొమ్మలే మహారాష్ట్రలోని తేర్‌లోనూ దొరికాయి. దాని పాత పేరు తగర. ఒకటో శతాబ్దపు గ్రీకు నావికుల గ్రంథం 'పెరిప్లస్' తగరలో దొరికే నూలుబట్టల గురించీ, సముద్రతీర ప్రాంతాల నుంచి అక్కడికొచ్చే సరుకు గురించీ చెబుతుంది. ఆ తీరం మన కోస్తానే అని పలువురు చరిత్రకారుల మాట. అదే నిజమైతే కృష్ణా ముఖద్వారం నుంచి తగర దాకా బళ్లు నడిచిన దారిలో కొండాపూర్ ఒక మజిలీ అయి ఉండొచ్చు. రెండు ముక్కల అచ్చు పద్ధతి కూడా రోమన్ వర్తకంతోనే వచ్చిందని కొందరి వాదన.

చూడాలంటే

ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వెళ్లే మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగితే పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం దగ్గరే. కొండాపూర్ తవ్వకాల్లో దొరికినవి కొన్ని అక్కడ ఉన్నాయి. అసలు చోటే చూడాలనుకుంటే కారులో పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ముత్తంగి వద్ద దిగి సంగారెడ్డి దారి పట్టాలి. అక్కడున్న కేంద్ర పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు. బొమ్మల ముందు నిలబడినప్పుడు ఎదుటి నుంచి చూసి వచ్చేయకండి, పక్కకు జరిగి చెవుల వెనక చూడండి. రెండు అచ్చులూ కలిసిన అతుకు గీత కోసం వెతకాల్సిన చోటు అదే.