పోయిన చోటే పేరెక్కుతుంది

నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి జబ్బు మనిషిని కార్లో వేసుకుని బయల్దేరితే హైదరాబాద్‌లో ముందు తగిలే పెద్ద కూడలి ఎల్బీనగర్. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు వచ్చి చేరే ఆ చుట్టుపక్కల అన్ని ఆస్పత్రులు వెలిసింది అందుకే. మనిషి దక్కితే సరే. దక్కకపోతే వచ్చిన రోడ్డునే ఊరికి తీసుకెళ్లి, పొలం దగ్గరో ఊరి శ్మశానంలోనో కార్యం కానిస్తారు. దినాలయ్యాక చుట్టాల్లో ఎవరో ఒకరు "సర్టిఫికెట్ తీసుకోండిరా, రేపు బ్యాంకులో అడుగుతరు" అంటారు. కొడుకు పంచాయతీ కార్యదర్శి దగ్గరికి వెళ్తాడు. ఆధార్‌లో ఉన్నది ఈ ఊరే, ఓటు ఈ ఊళ్లోనే, కాల్చింది ఈ ఊళ్లోనే. అయినా కార్యదర్శి రాయనంటాడు. కోపం వస్తుంది కానీ ఆయన చెప్పేదే సరైనది.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. ప్రాణం ఎక్కడ పోతే అక్కడి రిజిస్ట్రారే చావును నమోదు చేయాలన్నది దాని మూలసూత్రం. మనిషి ఎక్కడివాడు, ఎక్కడ దహనమయ్యాడు అన్న వాటితో దానికి పనిలేదు. ఎల్బీనగర్ ఆస్పత్రిలో పోతే అక్కడి మున్సిపల్ సర్కిల్ ఆఫీసులో, అంటే సహాయ ఆరోగ్య వైద్యాధికారి (ఏఎంఓహెచ్) దగ్గర పేరెక్కుతుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ముప్పయ్యేళ్లు కాపురమున్న మనిషి గాంధీ ఆస్పత్రిలో కన్నుమూస్తే ఆ పేరు సికింద్రాబాద్ వైపు వెతుక్కోవాలి, ఇంటి పక్కనున్న సర్కిల్‌లో కాదు. దారిలో, నడుస్తున్న బండిలో పోతే ఏం చేయాలో కూడా చట్టం కింది నిబంధనలు చెప్పాయి: బండి బాధ్యుడు, బండి మొదట ఆగిన చోటి రిజిస్ట్రారుకు తెలపాలి. చౌటుప్పల్ దాటాక అంబులెన్సులో ఊపిరి ఆగిపోయిన మనిషి విషయంలో ఇంటివాళ్లకీ డ్రైవరుకీ ఈ సంగతి తెలిసి ఉండటం అరుదు. తర్వాత తిప్పలు పడేది ఇలాంటి వాళ్లే.

ఆస్పత్రిలో జరిగితే తెలియజేసే బాధ్యత ఆస్పత్రిదే. ఇంటివాళ్లు చేయాల్సింది ఒక్కటే, కానీ ఆ సమయంలో ఎవరికీ తోచనిది: ఆస్పత్రివాళ్లు రాసుకున్న పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఒకసారి చూసుకోవడం. అర్ధరాత్రి క్యాజువాలిటీలో బామ్మర్ది కంగారుగా చెప్పిన పేరే రిజిస్టరు దాకా నడుస్తుంది. ఊళ్లో అందరూ పిలిచే పేరు బుచ్చమ్మ, ఆధార్‌లో లక్ష్మమ్మ, పాసు పుస్తకంలో ఇంటిపేరు ముందు, బ్యాంకులో ఇంటిపేరు వెనక. తప్పు పడ్డాక దిద్దుకునే వీలు చట్టంలోనే ఉంది గానీ, దానికి ఆధారాలు, దరఖాస్తు, మళ్లీ తిరుగుడు.

ఇంట్లో జరిగితే కుటుంబ పెద్ద చెప్పాలి. పెద్ద లేకపోతే ఇంట్లో ఉన్న ఆ పెద్ద దగ్గరి బంధువు, వాళ్లూ లేకపోతే అక్కడున్నవాళ్లలో వయసులో పెద్దవారు. ఒకప్పుడు చట్టంలో ఇక్కడ మగవాళ్ల మాటే ఉండేది, 2023 సవరణతో ఆ తేడా తీసేశారు. నగరంలో ఇంటి చావుకు శ్మశానవాటిక రసీదు ప్రాణాధారం. అక్కడి మనిషి చిన్న కాగితం మీద పేరు, తేదీ రాసి సంతకం పెట్టి ఇస్తే, దాన్ని చొక్కా జేబులో మడిచి పెట్టుకుని స్నానానికి పోతాం. ఆ చొక్కా ఎటు పోతుందో మరి! రసీదు తీసుకున్న వెంటనే ఫోనులో ఫొటో తీసి పెట్టుకోమని నేను కనిపించిన వాళ్లందరికీ చెబుతుంటాను.

గడువు 21 రోజులు. పదకొండో రోజు పెద్దకర్మ అయ్యాక కూడా ఇంకా పది రోజులు చేతిలో ఉంటాయి, కాబట్టి చట్టం మరీ కఠినమైందేమీ కాదు. అది దాటి 30 రోజుల్లోపు అయితే ఆలస్య రుసుము కడితే చాలు. నెల దాటి ఏడాదిలోపు అయితే పై అధికారి రాతపూర్వక అనుమతి, స్వయంగా ధ్రువీకరించిన పత్రం కావాలి. ఇదివరకు ఇక్కడ నోటరీ అఫిడవిట్ అడిగేవారు. ఏడాది దాటితే కేసు వేరు: జిల్లా మెజిస్ట్రేటో, సబ్ డివిజనల్ మెజిస్ట్రేటో, జిల్లా మెజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటో విచారించి ఉత్తర్వు ఇవ్వాలి. మన దగ్గర మామూలుగా వినిపించే మాట 'ఆర్డీవో ప్రొసీడింగ్స్'. సవరణ 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉన్నా, పాత అలవాటు కొద్దీ పాత కాగితాలు అడిగే టేబుళ్లు లేకపోలేదు.

అసలు చిక్కు పాత చావుల దగ్గర వస్తుంది. తాత పేరున ఉన్న ప్లాటు అమ్మాలి, తాత ఎప్పుడో 1990ల్లో పోయాడు, సర్టిఫికెట్ ఎవరూ తీసుకోలేదు. ఇప్పుడు మీసేవకు వెళ్లి పేరు కొట్టిస్తే కంప్యూటర్లో ఏమీ రాదు. రాలేదంటే నమోదు కాలేదని అర్థం కాదు. పాత పుస్తకాల్లో ఉండి కంప్యూటర్లోకి ఎక్కకపోయి ఉండొచ్చు. అప్పుడు అడగాల్సిన ప్రశ్న, ఆ రోజు ఆ నేల ఎవరి కింద ఉండేదని.

నగరంలో ఈ తూర్పు వైపు ఆ ప్రశ్నకు జవాబు అంత తేలిక కాదు. గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (జీహెచ్‌ఎంసీ) ఏర్పడిందే 2007 ఏప్రిల్‌లో. అప్పటిదాకా ఎల్బీనగర్ వేరే మున్సిపాలిటీ, గడ్డిఅన్నారం ఇంకో మున్సిపాలిటీ, మలక్‌పేట, మూసారాంబాగ్ వైపు పాత హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ (ఎంసీహెచ్). దిల్‌సుఖ్‌నగర్ అని మనం ఒకే మాటగా అనేది ఈ హద్దుల మీద పరుచుకున్న పేరు. రోడ్డుకు ఈ పక్క పోయినవాళ్ల పుస్తకం ఒక చోట, ఆ పక్క పోయినవాళ్లది మరో చోట. ఇంకా వెనక్కి వెళ్తే ఇక్కడివన్నీ పల్లెలే. హయత్‌నగర్, కర్మన్‌ఘాట్, నాగోల్ ఊళ్లుగా ఉన్న రోజుల్లో చావుపుట్టుకల లెక్క పోలీస్ పటేల్ చేతిలో ఉండేది. పటేల్ పట్వారీ వ్యవస్థను ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. రంగారెడ్డి జిల్లా 1978లో పుట్టింది కనుక అంతకు ముందరి కాగితాల్లో ఈ ఊళ్లు హైదరాబాద్ జిల్లా కింద కనిపిస్తాయి. అందుకే వెతకబోయేముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏ ఏడాది, ఏ నెల, ఇంట్లోనా ఆస్పత్రిలోనా, అప్పుడు ఏ బస్తీలో ఉన్నారు అని అడిగి రాసుకోవాలి. 'సంక్రాంతి ముందు', 'చిన్నోడి పెళ్లయిన ఏడాది' లాంటి జవాబులొచ్చినా ఫర్వాలేదు, పుస్తకం తిరగేయడానికి అవి పనికొస్తాయి.

రిజిస్టరులో ఫలానా నమోదు ఉందేమో వెతికించమని ఎవరైనా అడగొచ్చు, రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. 17వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది. దొరక్కపోతే, నోటిమాటగా 'లేదు' అన్నారని ఊరికే తిరిగి రాకుండా, లేదని రాసిమ్మని అడగాలి. జనం 'నాన్ అవైలబిలిటీ' అనే ఆ పత్రం ఉంటేనే ఏడాది దాటిన నమోదు పని ముందుకు కదులుతుంది. ఈ సర్టిఫికెట్ల చుట్టూ మోసమూ నడిచింది. సరైన పత్రాల్లేకుండానే మీసేవ ద్వారా వేల సంఖ్యలో జనన, మరణ సర్టిఫికెట్లు జారీ అయిన సంగతి 2023లో జీహెచ్‌ఎంసీలో బయటపడి, వాటిని రద్దు చేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఒక్కో కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నారంటే దాని ప్రభావం కొంత ఉండే ఉంటుంది. మధ్యవర్తి చేత పని చేయించుకున్నవాళ్లు తమ సర్టిఫికెట్ నంబరు రికార్డులో నిజంగా ఉందో లేదో చూసుకోవడం మంచిది.

మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మధ్య అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి ఉంది. నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆయన 1798 మార్చి 25న చనిపోయాడు. ఆ తేదీన చాలా ఏళ్లు ఉర్సు కూడా జరిగింది కనుక తేదీ ఎవరూ మరవలేదు. ఎలా పోయాడన్నది మాత్రం ఇప్పటికీ కథలే, విషమని ఒకరు, ఇంకోటని ఒకరు. నేటి డెత్ సర్టిఫికెట్ కూడా అదే పని చేస్తుంది: ఎప్పుడు, ఎక్కడ అన్నది చెబుతుంది, ఎందుకన్నది చెప్పదు. రిజిస్టరులో కారణం రాసి ఉన్నా నకలులో బయటపెట్టకూడదని ఆ 17వ సెక్షనే అంటుంది. కుటుంబం పరువు, గుట్టు కాపాడటానికి పెట్టిన నిబంధన అయ్యుండాలి. 2021లో అదే అడ్డమైంది. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయలు ఇవ్వాలన్నప్పుడు చేతిలో ఉన్న సర్టిఫికెట్లో కోవిడ్ మాటే లేదు. జిల్లా కమిటీలు ఆస్పత్రి కాగితాలు చూసి విడిగా ధ్రువీకరించాల్సి వచ్చింది. ఇప్పుడు సవరించిన చట్టం ప్రకారం మరణ కారణం రాసిన వైద్య పత్రం ప్రతిని ఆస్పత్రి దగ్గరి బంధువుకు కూడా ఇవ్వాలి. బీమా క్లెయిము ఉన్నవాళ్లు డిశ్చార్జి కాగితాలతోపాటు దాన్నీ అడిగి తీసుకోవాలి.

మరణ నివేదిక ఫారం చూసినవాళ్లు తక్కువ. అందులో రెండు భాగాలుంటాయి. పేరు, తేదీ, స్థలం ఉండేది చట్టపరమైన భాగం, రిజిస్టరులోకి వెళ్లేది అదే. రెండోది లెక్కల కోసం: వృత్తి, పొగ తాగేవారా, ఎన్నేళ్లు, పొగాకు నమిలేవారా, వక్కలు, పాన్ మసాలా తినేవారా, మద్యం ఎన్నేళ్లుగా. ఆడవాళ్లయితే గర్భంతో ఉండగా పోయారా, కాన్పయిన ఆరు వారాల్లోపా అని కూడా. శవం ఇంకా ఇంట్లో ఉండగా 'నాయన ఎన్నేళ్లు బీడీ కాల్చాడు' అనడిగితే ఎవరు లెక్కపెట్టి చెబుతారు? ఎక్కువమంది ఏదో ఒకటి రాసేస్తారనే నా అనుమానం.

ఇల్లు విడిచి వెళ్లి జాడ తెలియని మనిషికి రిజిస్ట్రారు సొంతంగా సర్టిఫికెట్ ఇవ్వలేడు. ఏడేళ్లు ఎవరికీ కబురు లేకపోతే మరణించినట్టు కోర్టు ప్రకటించాలి, ఆ డిక్రీ మీదే నమోదు.

సర్టిఫికెట్ చేతికొచ్చాక చాలామంది అది చూపించి ఆస్తి మార్పించుకోవచ్చనుకుంటారు. అది చనిపోయారని మాత్రమే చెబుతుంది, వారసులెవరో చెప్పదు. దానికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి, వాటాల్లో తగాదా ఉంటే సివిల్ కోర్టు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండి ఎల్బీనగర్ ఆస్పత్రిలో పోయిన మనిషి కుటుంబానికి సర్టిఫికెట్ ఒక ఆఫీసు, ఈ పత్రం మరో ఆఫీసు. బ్యాంకుకు ఒకటి, పెన్షన్‌కు ఒకటి, బీమాకు ఒకటి చొప్పున నకళ్లు ముందే ఎక్కువగా తీసి పెట్టుకుంటే మీసేవ క్యూ కొంతైనా తప్పుతుంది.