పటేల్ షాట్, సంఘం షాట్

అక్కలారా! "ఫోను పిల్లలది, మనకెందుకు?" అంటుంటారు కదా. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ అక్కల సంగతి వినండి. వాళ్లు కూలి చేసుకునే దళిత మహిళలు. చాలామందికి చదువు రాదు. అయినా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో చేరి, వీడియో కెమెరా నేర్చుకున్నారు.

పైనుంచి కిందికి తీస్తే వాళ్లు 'పటేల్ షాట్' అన్నారు. పటేలు కూలోళ్లను అట్లనే చూస్తాడు కదా! కండ్లకు కండ్లు సమానంగా పెట్టి తీస్తే 'సంఘం షాట్'. నా టీచర్ ట్రైనింగులో ఎవరూ ఇంత బాగా చెప్పలేదు.

2003లో వరంగల్ రైతుల బీటీ పత్తి నష్టంపై సినిమా తీశారు. 2008 అక్టోబర్ 15న మాచ్నూరులో సంఘం రేడియో పెట్టారు.

ఇప్పుడు కెమెరా ఫోన్లోనే ఉంది. గద్వాల చీర నేయడమో, వలసపోయిన నాటి కష్టమో, ఏదైనా ఒక్క నిమిషం చెప్పండి. ఫోను కదిలించకండి. వెలుగు తీసేవాళ్ల వెనక ఉండాలి. ఎవరిని తీసినా ముందు అడగాలి.

వీడియోకు పేరు మీరే రాయండి. మా కేంద్రంలో ఒక అక్క 'మా అమ్మ జొన్నరొట్టె' అని రాసింది. న కింద వత్తు కోసం శానాసేపు వెతికింది. నేను చెప్పబోతే, "ఆగు సారూ, నేనే చూస్త" అన్నది.