ఇంటిదొంగని ఎలా పట్టారు?

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయట! కంప్యూటర్ల లోకంలో భద్రతకు మారుపేరనిపించుకున్న లైనక్స్ సొంతింట్లోనే అలాంటి ముచ్చట ఒకటి జరిగింది. సంగతి తెలిశాక వాళ్లు ఇల్లు కడిగి ఊరుకోలేదు, పునాదుల నుంచీ మళ్లీ కట్టుకున్నారు. ఎందుకంత పని?

మీది ఆండ్రాయిడ్ ఫోనా? అయితే మీ చేతిలో లైనక్స్ ఉన్నట్టే. దాని గుండెకాయ లాంటి భాగాన్ని కెర్నెల్ అంటారు. రోజూ మనం చూసే ఎన్నో వెబ్‌సైట్ల వెనకున్న సర్వర్లనూ, ప్రపంచంలోని మేటి 500 సూపర్ కంప్యూటర్లనూ నడిపేది అదే. ఫిన్లాండ్‌లో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ అనే కుర్రాడు తాను ఇలాంటిదొకటి తయారుచేస్తున్నానని 1991 ఆగస్టు 25న ప్రకటించాడు. ఆ తర్వాత వేలమంది చేయి కలిపారు. వాళ్లందరూ రాసిన కోడ్‌ను దాచి, ప్రపంచానికి పంచే చోటు పేరు కెర్నెల్.ఆర్గ్. లైనక్స్‌కి ఇరవై ఏళ్లు నిండి మూడు రోజులయిందో లేదో... 2011 ఆగస్టు 28న ఆ ఇంట్లో దొంగలు పడ్డారని బయటపడింది!

పొయ్యి లేని ఇంట్లో పోపు వాసన

పట్టించింది చాలా చిన్న విషయం. ‘ఎక్స్‌నెస్ట్’ అనే ప్రోగ్రామ్‌లో ఏదో తేడా వచ్చిందంటూ ఓ సందేశం కనిపించింది. వింతేమిటంటే ఆ ప్రోగ్రామ్ ఆ సర్వర్‌లో లేనేలేదు. పొయ్యే లేని ఇంట్లో పోపు వాసన వస్తే అనుమానం రాదూ! తీగ లాగితే డొంకంతా కదిలింది.

‘హేరా’ అనే సర్వర్‌లోకి ఎవరో చొరబడి ‘రూట్’ అధికారం సంపాదించారు. రూట్ అంటే ఇంటి యజమానితో సమానం. ఏ గదైనా తెరవొచ్చు, ఏ వస్తువైనా మార్చొచ్చు. లోపలికి రావడానికి తలుపేమీ పగలగొట్టలేదు, సభ్యుల్లో ఒకరి లాగిన్ వివరాలు దొంగిలించి ఉంటారని నిర్వాహకుల అంచనా. వచ్చాక వాళ్లు చేసిన పని తెలివైనది. దూరం నుంచి లాగిన్ అవడానికి వాడే ‘ఎస్ఎస్‌హెచ్’ ప్రోగ్రామ్‌నే మార్చేశారు. అంటే గుమ్మం దగ్గర కాపలావాణ్ని తీసేసి తమ మనిషిని కూర్చోబెట్టారన్నమాట! సర్వర్‌లో సభ్యులు చేసే పనులు నమోదయ్యే ఏర్పాటూ చేశారు. సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసినా తమ ప్రోగ్రామ్ దానంతటదే మొదలయ్యేలా ఓ ఫైలు పెట్టారు. ఇదంతా కనీసం ఆగస్టు 12 నాటికే జరిగిందని అప్పట్లో తేల్చారు. అంటే రెండు వారాలకు పైగా ఎవరికీ అనుమానమే రాలేదు!

అద్దమే అబద్ధం చెబితే...

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇలాంటి దాడుల్లో దొంగలు ‘రూట్‌కిట్’ అనే సాధనం వాడతారు. ‘ఇప్పుడు ఏయే ప్రోగ్రాములు నడుస్తున్నాయి?’ అని కంప్యూటర్‌ని అడిగామనుకోండి, అది తన పేరు తప్ప మిగతావన్నీ చూపించేలా చేస్తుంది. ఫైళ్ల జాబితా అడిగినా అంతే. జబ్బుపడ్డ యంత్రాన్నే ‘నీకు జబ్బుందా?’ అని అడిగితే లాభమేముంది!

అందుకే నిపుణులు బయటి నుంచి చూస్తారు. హార్డ్‌డిస్కుకు నకలు తీసి, నమ్మకమైన మరో కంప్యూటర్‌కి తగిలించి వెతుకుతారు. అసలు ప్రోగ్రామ్ ఫైళ్ల కొలతలతో సర్వర్‌లో ఉన్నవాటిని సరిపోలుస్తారు. అది ఎవరెవరితో మాట్లాడుతోందో నెట్‌వర్క్ దగ్గర కాపు కాసి గమనిస్తారు.

అంతా వెతికి, దొరికినవన్నీ తీసేసినా ఒక ప్రశ్న మిగిలిపోతుంది. దొరకనిది ఇంకేదైనా ఉంటే? అందుకే కెర్నెల్.ఆర్గ్ వాళ్లు సర్వర్లను ఒక్కొక్కటిగా ఆపి, నకళ్లు తీసుకుని, అన్నీ తుడిచేసి కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు. 448 మంది సభ్యులు తమ పాస్‌వర్డ్‌లూ తాళంచెవుల్లాంటి ఎస్ఎస్‌హెచ్ కీలూ మార్చుకోవాల్సి వచ్చింది.

కామా మారినా తెలిసిపోతుంది

అందరినీ భయపెట్టింది మరొకటి. దొంగలు లైనక్స్ కోడ్‌లోనే ఏదైనా విషపు చుక్క కలిపి ఉంటే? అది కోట్లాది యంత్రాల్లోకి పాకిపోదూ!

ఇక్కడే టోర్వాల్డ్స్ 2005లో తయారుచేసిన ‘గిట్’ ఆదుకుంది. అది కోడ్‌లోని ప్రతి ఫైలుకీ, ప్రతి మార్పుకీ నలభై అక్షరాల ముద్ర వేస్తుంది. కొత్త ముద్రను లెక్కకట్టేటప్పుడు పాత ముద్రలనూ కలుపుతుంది. ఎక్కడో పాత ఫైల్లో ఒక్క కామా మార్చినా ఆ తర్వాతి ముద్రలన్నీ తప్పుతాయి. పైగా ఆ కోడ్ మొత్తం చరిత్ర ప్రపంచవ్యాప్తంగా వేలమంది దగ్గర ఉంది. దొంగ ఒక ఇంట్లో పత్రం దిద్దగలడు కానీ, వేల ఇళ్లలో ఉన్న నకళ్లను దిద్దలేడు కదా! ఇల్లు బాగయ్యేలోపు టోర్వాల్డ్స్ తన కోడ్‌ని గిట్‌హబ్‌లో పెట్టి పని కొనసాగించాడు. అక్టోబరు మొదట్లో కెర్నెల్.ఆర్గ్ మళ్లీ తెరుచుకుంది.

కథ అక్కడితో అయిపోలేదు. 2016లో ఫ్లోరిడాకు చెందిన ఓ ప్రోగ్రామర్‌పై అమెరికాలో ఈ చొరబాటు కేసు పెట్టారు. 2024 మేలో స్లొవేకియాకు చెందిన ఈసెట్ సంస్థ మరో సంగతి బయటపెట్టింది. ‘ఎబ్యురీ’ అనే మరో దొంగ ప్రోగ్రామ్ 2009 నుంచే కెర్నెల్.ఆర్గ్ సర్వర్లలో ఉందట! 551 మంది పాస్‌వర్డ్‌ల ఫైలు దొంగల చేతికి చిక్కిందనీ, వాటిలో దాదాపు సగాన్ని వాళ్లు ఛేదించారనీ ఆ నివేదిక చెప్పింది. రెండు వారాలనుకున్నది కాస్తా రెండేళ్లయింది. దొరికినవాటిని తీసేసి ఊరుకోకుండా అంతా తుడిచేయడం ఎంత మంచిదయిందో అప్పుడు అర్థమైంది.

మీ సర్వర్‌కి ఇలా అయితే...

కాలేజీలోనో చిన్న ఆఫీసులోనో లైనక్స్ సర్వర్ చూసుకునేవారు మన ఇళ్లలోనూ ఉంటారు. వాళ్ల కోసం...

* పని లేని వేళ కూడా ప్రాసెసర్ ఊపిరాడనట్టు నడుస్తున్నా, తెలియని యూజర్ పేర్లు కనిపించినా, లాగిన్ రికార్డుల్లో మధ్యలో కొన్ని రోజులు మాయమైనా అనుమానించాల్సిందే.

* కంగారుపడి వెంటనే ఆపేయొద్దు. మెమరీలోని ఆధారాలు పోతాయి. ముందు నెట్‌వర్క్ నుంచి విడదీయాలి.

* డిస్కు నకలు తీశాకే మిగతా పని. దొంగ ఏ దారిన వచ్చాడో తెలుసుకోకుండా కొత్తగా కట్టినా, అదే దారిన మళ్లీ వస్తాడు.

* చొరబాటుకు ముందు తీసిన బ్యాకప్ నుంచి సమాచారాన్ని మాత్రమే తెచ్చుకోవాలి. ప్రోగ్రాములను అసలు చోటు నుంచే తాజాగా ఇన్‌స్టాల్ చేయాలి.

* పాస్‌వర్డ్‌లూ కీలూ అన్నీ మార్చాలి. ఆ పని అనుమానమున్న యంత్రం మీద కూర్చుని చేయకూడదు.

* లాగిన్ రికార్డుల నకలు, బ్యాకప్ ఎప్పుడూ వేరే యంత్రంలో ఉండాలి. దొంగ చేయి అందని చోట ఉన్నదే రేపు సాక్ష్యం చెబుతుంది.