కుట్లు మానేదాకా ఆగితే కొండైనా ఎక్కవచ్చు

నరసరావుపేట : ఒకప్పుడు ఊళ్లో ఎవరికైనా ఆపరేషన్ జరిగిందంటే చూసి రావడానికి బస్సెక్కి గుంటూరు పోవలసి వచ్చేది. పండ్లు, బ్రెడ్డు, ఫ్లాస్కులో కాఫీ పట్టుకుని పెద్దాసుపత్రి వార్డుల్లో మంచం వెతుక్కునేవారు. ఇప్పుడు ఆ కబురు ఫోనులోనే వస్తున్నది. పొద్దున ఆపరేషన్ గదిలోకి తీసుకువెళితే మధ్యాహ్నానికల్లా కలిసి చదువుకున్న వాళ్లందరికీ తెలిసిపోతున్నది. మూడో రోజున వాకర్ పట్టుకుని నిలబడిన ఫోటో, ఆ తరువాత కుట్లు విప్పిన వార్త, నెల తిరిగేసరికి "వనభోజనాలకు ఎప్పుడు పోదాం?" అనే ప్రశ్న వరుసగా వచ్చేస్తున్నాయి.

ఈ కబుర్లు మంచివే. మంచం మీద పడి ఇంటికప్పు చూస్తూ గడిపే మనిషికి "నాకూ ఇదే అయింది, ఇప్పుడు బాగానే తిరుగుతున్నాను" అని ఒక స్నేహితుడు చెప్పే మాట ఇచ్చే ధైర్యం ఇంతా అంతా కాదు. చిక్కల్లా ఒకరి కబురు మరొకరికి కొలత కావడంతోనే వస్తున్నది. "పన్నెండో రోజున నేను పొలం వెళ్లాను, నువ్వింకా మంచం దిగలేదా బావా?" అని సరదాగా అన్న మాటకు రోషపడి, గాయం మానకుండానే ట్రాక్టరెక్కే వాళ్లున్నారు. ఇందుకు విరుద్ధంగా "మా ఆడబిడ్డ మూడు నెలలు మంచం దిగలేదు" అన్న మాట పట్టుకుని, నడవవలసిన మనిషిని నడవనివ్వని ఇళ్లూ వున్నాయి. రెండింటిలోనూ ముప్పు వున్నది.

పేరు ఒకటే, కోత వేరు

పిత్తాశయంలో రాళ్ల సంగతే తీసుకుందాం. పూర్వం పక్కటెముకల కింద జానెడు కోసి తీసేవారు. 1985లో జర్మనీకి చెందిన ఎరిక్ మ్యూహె అనే సర్జను పొట్టకు చిన్న రంధ్రాలు చేసి, గొట్టం గుండా లోపలికి చూస్తూ పిత్తాశయాన్ని తీసి చూపించాడు. మన దేశంలో 1990లో బొంబాయిలో డాక్టర్ టెహెంటన్ ఉద్వాడియా ఈ పద్ధతిలో ఆ ఆపరేషన్ మొదటిసారి చేశారు. ఈనాడు ఇది మన పట్టణాల్లో కూడా మామూలైంది. రంధ్రాల పద్ధతిలో చేయించుకున్న వారు చాలామంది ఒకటి రెండు వారాల్లో తేలికపాటి పనులకు లేస్తారు. కోసి చేయించుకున్న వారికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఇద్దరూ "రాళ్ల ఆపరేషన్ అయింది" అనే చెబుతారు. ఒకరి లెక్క మరొకరికి పనికిరాదు.

గర్భసంచి ఆపరేషన్ కూడా అంతే. పొట్ట కోసి చేస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు బరువులు కూడదు. మోకాలి చిప్ప మార్చిన వారిని మరునాడే, ఒక్కోసారి అదే రోజున వాకర్‌తో నిలబెడతారు. ఆ ఫోటో చూసి పూర్తిగా కోలుకున్నారని అనుకుంటాం. మామూలు ఇంటి పనులకు అలవాటు పడడానికి ఆరు వారాలు, కాలు పూర్తిగా తన స్వాధీనంలోకి రావడానికి ఆరు నెలల నుంచి సంవత్సరం వరకు పట్టవచ్చు.

కంటి శుక్లాల ఆపరేషన్‌లో వచ్చిన మార్పు అన్నింటికంటె పెద్దది. పాత రోజుల్లో ఆపరేషన్ చేయించుకున్న వారిని కళ్లకు కట్టు కట్టి, తల కదలకుండా రోజుల తరబడి వెల్లకిలా పడుకోబెట్టేవారు. ఆ తరువాత సోడాబుడ్డి కళ్లద్దాలు తప్పేవి కావు. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంటిలోపల కృత్రిమ కటకం అమర్చడంతో దారి మారింది. ఇప్పుడు సాధారణంగా అదే రోజు ఇంటికి పంపుతున్నారు. అంతమాత్రాన అదే వారంలో పొలం దుమ్ములోకి, పొయ్యి పొగలోకి వెళ్లవచ్చని కాదు. చుక్కల మందు వారాల పాటు వేసుకోవాలి. కన్ను నలపకూడదు.

వయసు, షుగరు, రక్తహీనత, బీడీ చుట్ట అలవాటు కూడా లెక్కలోకి వస్తాయి. షుగరు అదుపులో లేని వారికి, పొగ తాగే వారికి గాయం ఆలస్యంగా మానుతుంది, చీము పట్టే ప్రమాదం కూడా ఎక్కువ.

పైన మానింది, లోపల మానలేదు

కుట్లు విప్పగానే పని అయిపోయిందనుకోవడం పల్లెల్లో చాలామంది చేసే పొరపాటు. పైచర్మం రెండు వారాల్లో అతుక్కుంటుంది. దాని కింద కండను పట్టి వుంచే గట్టి పొర మళ్లీ బలం పుంజుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా బరువెత్తితే ఆ పొర విచ్చి, కోసిన చోటే హెర్నియా రావచ్చు. దానికి మళ్లీ ఆపరేషన్ కావాలి.

పదిహేను లీటర్ల నీళ్ల బిందె అంటే పదిహేను కిలోల బరువు. బోరు దగ్గర నుంచి రోజుకు నాలుగు బిందెలు మోసే ఇల్లాలికి "బరువులెత్తవద్దు" అని డిశ్చార్జి కాగితం మీద రాసిస్తే సరిపోదు. ఆ బిందె ఎవరు మోయాలో కూడా ఇంట్లో తేలాలి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత పెద్ద ఆపరేషన్లు పేదవారికి కూడా అందాయి. ఆ తరువాతి ఆరు వారాల విశ్రాంతిని మాత్రం ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు కలిసి కల్పించవలసి వుంటుంది. "త్వరగా కోలుకో వదినా" అని ఫోను చేసే స్నేహితురాలు ఒక పూట వచ్చి నీళ్లు పట్టి పోతే అంతకంటె పెద్ద సాయం లేదు.

మన ప్రాంతంలో మిరప కోతల కాలంలో మరో ఇబ్బంది వున్నది. కల్లాల ఘాటుకు దగ్గు, తుమ్ములు ఆగవు. పొట్ట ఆపరేషన్ అయినవారు ఆ చుట్టుపక్కలకు పోకుండా వుండడమే మేలు. దగ్గు తప్పనప్పుడు దిండు ఒకటి పొట్టకు అదిమి పట్టుకుని దగ్గితే కుట్ల మీద ఒత్తిడి తగ్గుతుంది.

పప్పు తింటే చీము పట్టదు

ఆపరేషన్ మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లు పత్యం మొదలుపెడతారు. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు వేడని, వంకాయ, గోంగూర దురదని అన్నీ మాన్పించి, చారన్నంతో నెల గడిపిస్తారు. పెద్దల ప్రేమలో లోపం లేదు గాని ఈ లెక్క తలకిందులుగా వున్నది. గాయం పూడడానికి కావలసిన కొత్త కండను శరీరం మాంసకృత్తులతోనే కట్టుకుంటుంది. అవి దొరికేది పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, చేపల్లోనే. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్ల గాని కందిపప్పు వల్ల కాదు. డాక్టరు ప్రత్యేకంగా వద్దన్నది ఏదైనా వుంటే దాన్ని మాత్రమే మానాలి.

నీళ్లు తగ్గించడం కూడా మంచిది కాదు. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం వస్తుంది. ముక్కితే కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. గుండె, మూత్రపిండాల జబ్బు వల్ల నీటికి కొలత పెట్టినవారు తప్ప మిగిలినవారు నీళ్లు బాగా తాగాలి, ఆకుకూరలు, పండ్లు తినాలి. గాయం మీద పసుపు, బూడిద, ఆకు పసరు పూయరాదు.

మంచమే మందు కాదు

కదలకుండా పడుకుంటే పిక్కల్లోని రక్తనాళాల్లో రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. మోకాలు, తుంటి, పొట్ట ఆపరేషన్ల తరువాత మొదటి వారాల్లో ఈ భయం ఎక్కువ. అందుకే డాక్టర్లు తొందరగా లేపి నాలుగడుగులు వేయిస్తారు. మంచం మీద వున్నప్పుడు కూడా పాదాలను పైకి కిందికి ఆడిస్తూ వుండాలి.

ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, గుండెలో నొప్పి వచ్చినా తెల్లవారేదాకా చూడరాదు. వెంటనే 108కి ఫోను చేయాలి. జ్వరం రావడం, గాయం చుట్టూ ఎరుపు పెరగడం, చీము, దుర్వాసన, కుట్లు విచ్చడం, ఆపరేషన్ అయిన కంటిలో నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే అదే రోజు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి పోవాలి. స్నేహితులకు ఫోటో పంపి సలహా అడుగుతూ కూర్చుంటే విలువైన కాలం పోతుంది.

మొదటి ప్రయాణం ఎక్కడికి?

కోలుకున్న మనిషికి ఒక సెలవు రోజున స్నేహితులతో బయటికి పోవాలనిపించడం సహజం. నాలుగు గోడల మధ్య నుంచి బయటపడితే మనసు తేలికపడుతుంది. డాక్టరు సరేనన్న తరువాత మొదటి ప్రయాణం దగ్గరిదిగా, పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరేదిగా వుండాలి.

కోటప్పకొండ మనకు దగ్గర. ఘాట్ రోడ్డు వున్నది కనుక మెట్లెక్కే పని లేకుండా పైదాకా వాహనంలో పోవచ్చు. తిరునాళ్ల రద్దీలో మాత్రం పోరాదు. తోపులాటలో ఒక మోచేయి తగిలినా కుట్లకు ప్రమాదమే. అమరావతిలో 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహాన్ని కింద నుంచే తీరికగా చూడవచ్చు. కృష్ణ ఒడ్డున నీడ పట్టున కూర్చోవచ్చు.

నాగార్జునసాగర్ మొదటి ప్రయాణానికి తగదు. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్టను, 70 అడుగుల ఎత్తు నుంచి దూకే ఎత్తిపోతలను చూడాలని ఎవరికి వుండదు? అయితే దారి దూరం. నాగార్జునకొండకు లాంచీ ఎక్కితే అది తిరిగి వచ్చేదాకా మధ్యలో దిగే వీలుండదు. రేవు నుంచి మ్యూజియం వరకు నడక కూడా వున్నది. నీళ్ల మధ్య నొప్పి మొదలైతే చేసేదేమీ లేదు. ఆ సరదాను రెండో ప్రయాణానికో, మూడోదానికో దాచుకోవాలి. వెళ్లే రోజున లాంచీ నడుస్తున్నదో లేదో ముందే కనుక్కోవాలి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

బయలుదేరే ముందు

గతుకుల రోడ్డు మీద కిక్కిరిసిన ఆటో, మోటారు సైకిలు వెనక సీటు పనికిరావు. కారులో ముందు సీటు మేలు. పొట్ట ఆపరేషన్ అయినవారు సీటు బెల్టుకు, పొట్టకు మధ్య చిన్న దిండు పెట్టుకోవచ్చు. గంటకొకసారి ఆపి, దిగి పది అడుగులు నడవాలి. డిశ్చార్జి కాగితం, మందుల చీటీ వెంట వుండాలి. ప్రయాణం పేరుతో రక్తం పలచబడే మందు గాని, షుగరు మందు గాని మానరాదు. వనభోజనంలో విస్తరి పడేసరికి మధ్యాహ్నం రెండు దాటుతుంది. ఇన్సులిన్ తీసుకునేవారికి వేళకు అన్నం ముందుగానే పెట్టాలి.

ఉసిరి చెట్టు కింద అందరూ బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు. మోకాలి చిప్ప మార్చినవారికి నేల మీద కూర్చోవడం మంచిది కాదు. వారికి ఒక కుర్చీ తీసుకుపోవాలి. కుర్చీలాంటి మరుగుదొడ్డి ఎక్కడుందో కూడా ముందే చూసుకోవాలి. కార్తిక స్నానం పుణ్యమే గాని, గాయం పూర్తిగా మానకుండా నదిలో దిగరాదు. కంటి ఆపరేషన్ అయినవారు డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా మునక వేయరాదు. ఒడ్డున దీపం పెట్టి దండం పెట్టుకుంటే చాలు.

కబురు ఇలా చెప్పాలి

స్నేహితులు పంచుకునే కబురు పనికి రావాలంటే పూర్తిగా చెప్పాలి. ఏ ఆపరేషన్, ఏ పద్ధతిలో చేశారు, డాక్టరు ఏం చేయమన్నారు, ఏం వద్దన్నారు అన్నవి ముందు చెప్పాలి. నవ్వుతూ దిగిన ఫోటోతో పాటు నిద్ర పట్టని రాత్రి సంగతి కూడా చెప్పాలి. అది విన్న మరొకరికి తన నొప్పి వింత కాదని తెలుస్తుంది. అవతలివాడు ఆలస్యంగా లేస్తుంటే "ఏరా, ఇంకానా?" అనే బదులు "ఏం కావాలిరా?" అనడం మంచిది.

ప్రయాణం తేదీని కూడా అందరికంటె నెమ్మదిగా నడిచే వాడిని బట్టి పెట్టుకోవాలి. "ఈసారికి నేను రాలేను" అని అతను చెబితే బలవంతపెట్టరాదు. వనభోజనం వచ్చే కార్తికంలోనూ వుంటుంది. అప్పటికి అతని కాలు కూడా అందరితో సమానంగా నడుస్తుంది.