ప్లాస్మా కట్టర్‌కు ఆయువుపట్టు

స్టెయిన్‌లెస్ స్టీలును గ్యాస్ కట్టర్‌తో కోయబోతే తెగదు. మామూలు ఇనుము ఆక్సిజన్‌లో మండి కారిపోతుంది. స్టెయిన్‌లెస్ మీద మాత్రం మొండి క్రోమియం ఆక్సైడు పొర ఏర్పడి మంటకు అడ్డుపడుతుంది. అల్యూమినియంతోనూ ఇదే చిక్కు.

అమెరికాలో యూనియన్ కార్బైడ్ లిండే విభాగంలో పనిచేసిన రాబర్ట్ గేజ్ దీనికి దారి చూపించాడు. వెల్డింగ్‌లో వాడే, టంగ్‌స్టన్ ఎలక్ట్రోడు నుంచి వెలువడే విద్యుత్ ఆర్క్‌ను, నీటితో చల్లబరిచిన సన్నటి రాగి నాజిల్ గుండా పంపాడు. ఆ ఇరుకులో ఆర్క్ సన్నబడి మరింత వేడెక్కింది, దానితోపాటు నాజిల్లోంచి దూసుకొచ్చే వాయువు దూకుడు పెరిగింది. 1957లో పేటెంటు దక్కింది. ఎలక్ట్రాన్లు ఊడి ప్లాస్మాగా మారిన ఆ వాయువు వేడి 20,000 డిగ్రీల సెల్సియస్‌ను కూడా అందుకోగలదు. దాని ముందు ఏ లోహమూ నిలవదు.

మరి ఆ ఆర్క్‌ను పుట్టించే టార్చ్ కూడా లోహమేగా! అసలు కష్టమంతా అక్కడే ఉంది. మొదట్లో ప్లాస్మా వాయువుగా ఆర్గాన్, హైడ్రోజన్ వాడేవారు. ఖరీదు తగ్గించాలని గాలితో కోయబోతే టంగ్‌స్టన్ తట్టుకోలేదు. 3,422 డిగ్రీల దాకా కరగని ఆ లోహం, ఆక్సిజన్ తగిలితే ఆక్సైడై ఆవిరైపోతుంది. చివరికి నిలబడింది హాఫ్నియం. తాను 2,233 డిగ్రీలకే కరిగినా, దాని ఆక్సైడు 2,700 దాటితే గాని కరగదు. రాగి ఎలక్ట్రోడు మొనలో చిన్న హాఫ్నియం ముక్క పొదుగుతారు. ఆర్క్ వెలగగానే దాని పైభాగం కరిగి మడుగులా మారుతుంది. ఎలక్ట్రాన్లు వెలువడేది ఆ మడుగులోంచే. న్యూట్రాన్లను మింగేస్తుందని అణు ఇంధన పరిశ్రమ జిర్కోనియంలోంచి ఏరి పక్కన పెట్టే లోహం ఇది. మన హైదరాబాద్‌లోని అణు ఇంధన సముదాయం (ఎన్‌ఎఫ్‌సీ)లో జరిగే పనుల్లో ఆ ఏరివేత కూడా ఒకటి. అక్కడ పనికిరానిదే ఇక్కడ ప్రాణాధారం కావడం నాకు భలే ముచ్చటగా ఉంటుంది.

ఈ ముక్క బాగా అరిగేది కోత మధ్యలో కాదు, ఆర్క్ వెలిగేటప్పుడూ ఆరేటప్పుడూ. టప్పున ఆపితే కరిగిన లోహం తుంపరగా ఎగిరిపోతుంది. అందుకే మంచి యంత్రాలు కరెంటునూ గ్యాస్‌నూ మెల్లగా దించి, మడుగు గడ్డకట్టాక ఆపుతాయి. వాడిన ఎలక్ట్రోడు విప్పి చూస్తే నడిమధ్య గుంట కనిపిస్తుంది. అది లోతైనా మార్చకుండా నడిపితే ఆర్క్ రాగికి పాకి టార్చే పాడవుతుంది.

లోహం కోయడానికే కాక, పెద్ద ప్లాస్మా టార్చ్‌లతో చెత్తను గ్యాస్‌గా మార్చాలనీ చూశారు. ఇంగ్లండ్ టీస్ వ్యాలీలో అలాంటి ప్లాంట్లు రెండు తలపెట్టిన ఎయిర్ ప్రొడక్ట్స్ కంపెనీ, సాంకేతిక చిక్కులతో 2016లో ఆ వ్యాపారమే వదులుకుంది. ఒకే మందం రేకును కోయడం వేరు, రోజుకో రకంగా వచ్చే చెత్తతో వేగడం వేరు.

నాకు అన్నిటికంటే బెంగ టార్చ్ పట్టుకునే మనిషి గురించే. స్టెయిన్‌లెస్ కోసేటప్పుడు లేచే పొగలో క్యాన్సర్ తెచ్చే హెక్సావాలెంట్ క్రోమియం ఉంటుంది. ఆర్క్ వెలుగులోని అతినీలలోహిత కిరణాలు కళ్లను కాలుస్తాయి. నీళ్ల తొట్టి మీద కోస్తే పొగ చాలావరకు అణుగుతుంది, కింది నుంచి లాగే ఫ్యాన్ పెడితే ఇంకా మేలు. చిన్న షెడ్డయినా సరే, ఈ ఖర్చును మెషీను ధరలో కలిపి లెక్క వేసుకోవాలి.