సున్నపురాయిలో ఇరవై నాలుగు చుక్కలు

యూఏఈలోని రాస్ అల్ ఖైమాలో జబల్ జైస్ పర్వతం ఎక్కే రోడ్డుకు అటూ ఇటూ బూడిదరంగు కొండలే. ఎక్కువ భాగం సున్నపురాయి. ఉత్తరాన ఖోర్ ఖ్వైర్ దగ్గర ఆ రాయిని పేల్చి, కంకరకొట్టి, పక్కనే ఉన్న సఖర్ రేవులో ఓడలకెత్తుతారు. అందులో కొంత మన దేశానికీ వస్తుంది. అక్కడికి దగ్గర్లోనే, అల్ రమ్స్‌లో, ముత్యాలు పెంచుతారు. ధరలో రాయికీ ముత్యానికీ పొంతన లేదు గానీ రసాయనం దాదాపు ఒకటే: కాల్షియం కార్బొనేట్.

ఎలక్ట్రాన్ల చుక్కల బొమ్మలు నేర్పేటప్పుడు మామూలుగా నీళ్లతోనో ఉప్పుతోనో మొదలుపెడతారు. ఈ రాయి కాస్త మొండిది, అందుకే నేర్పేదీ ఎక్కువ.

పరమాణువులో బయటి కక్ష్యలో ఉండేవి వేలెన్సీ ఎలక్ట్రాన్లు. ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ వీటివే, లోపలివి ఆ జోలికి రావు. 1902లో రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ పాఠం చెబుతూ పరమాణువును ఘనంలా గీసి, మూలల్లో ఎలక్ట్రాన్లను పెట్టాడు. రెండు పరమాణువులు ఒక ఎలక్ట్రాన్ జంటను పంచుకుంటే అదే బంధమని 1916లో రాశాడు.

గీసేముందు లెక్క. కాల్షియం కార్బొనేట్‌లో ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్లు. కాల్షియం దగ్గరున్నవి రెండే, రెండూ వదిలేసుకుని తప్పుకుంటుంది. కార్బన్‌వి 4, మూడు ఆక్సిజన్లవి ఆరేసి చొప్పున 18, కాల్షియం వదిలినవి 2. మొత్తం 24. మధ్యలో కార్బన్, చుట్టూ మూడు ఆక్సిజన్లు రాసి, కార్బన్‌కూ ఒక్కో ఆక్సిజన్‌కూ నడుమ రెండేసి చుక్కలు పెడితే 6 అయిపోయాయి. మిగిలిన 18నీ ఆక్సిజన్లకు ఆరేసి పంచితే వాటికి ఎనిమిదేసి అమరాయి. చుక్కలు సరి. కార్బన్ చుట్టూ మాత్రం ఆరే, దానికీ ఎనిమిది కావాలి!

ముగ్గులోనైతే ఇంకో రెండు చుక్కలు పెట్టి సర్దేయొచ్చు. ఇక్కడ కుదరదు. ఏదో ఒక ఆక్సిజన్ తన సొంత జంటను కార్బన్ వైపు జరిపి ద్విబంధం కట్టాలి.

ఏ ఆక్సిజన్? మూడిట్లో ఏదైనా ఒప్పే. ద్విబంధం పొట్టిది కాబట్టి ఒక పక్క కురచగా ఉండాలి కదా. కానీ ఎక్స్‌రేలతో కొలిస్తే మూడూ సమానం, దాదాపు 1.28 ఆంగ్‌స్ట్రామ్‌లు. ఆ జంట ఒకచోట కుదురుకోలేదు, మూడు బంధాల మీదా పరుచుకుంది. అందుకే మూడు బొమ్మలు పక్కపక్కన గీసి, మధ్యలో రెండు మొనల బాణాలు వేస్తారు. ఒక బొమ్మ నుంచి ఇంకోదానికి ఎలక్ట్రాన్లు గెంతుతాయని చాలామంది అనుకుంటారు. గెంతవు. చుక్కల పద్ధతి ఇక్కడ కాస్త చేతులెత్తేసినట్టే.

లెక్క మాత్రం తప్పదు. ఆ రాయిమీద ఒక బొట్టు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే బుసబుసా పొంగుతుంది. 24లో 16 కార్బన్ డయాక్సైడ్‌తో పాటు బుడగల్లో పోతాయి. మిగిలిన 8 ఒక ఆక్సిజన్ దగ్గర ఉండిపోతాయి. ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు రెండు, ఒక్క ఎలక్ట్రానూ తేకుండా ఉత్త చేతులతో వచ్చి దాన్ని పట్టుకుంటాయి. రాయిమీది తడిలో ఇంకో నీటి అణువు చేరుతుంది.